ప్రభుత్వ పనిని కాగితం మీద కూడా పూర్తి చేయడం ఎలా

గ్రామ సచివాలయ భవనమో, సీసీ రోడ్డో, బడి ప్రహరీగోడో కట్టడం ముగిశాక మిక్సర్‌నూ సెంట్రింగ్ సామాన్లనూ తర్వాతి ఊరికి తరలించిన కాంట్రాక్టరు ఆ పని అయిపోయిందనే అనుకుంటాడు. డిపార్ట్‌మెంటు లెక్కలో మాత్రం అది ఇంకా నడుస్తున్న పనే. ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) చివరి కొలతలు ఎక్కి, గడువు పొడిగింపు మంజూరై, ఫైనల్ బిల్లు పాసై, కంప్లీషన్ సర్టిఫికెట్ చేతికొచ్చి, పట్టి ఉంచిన సొమ్ము తిరిగి వచ్చేదాకా ఆ ఫైలు మూతపడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్, నీటిపారుదల, మున్సిపల్ శాఖల కింద చిన్న, మధ్య తరహా పనులు చేసేవారిని దృష్టిలో పెట్టుకుని ఈ వివరాలు రాస్తున్నాను. శాఖను బట్టి శాతాలు, గడువులు కొంత మారుతుంటాయి కనుక ఇక్కడి ప్రతి అంకెనూ మీ అగ్రిమెంటులోని షరతుతో పోల్చి చూసుకోండి.

ఫైలు మూయకపోతే ఆగేది పాత సొమ్ము ఒక్కటే కాదు, కొత్త టెండరుకూ అడ్డం పడుతుంది. టెండరు వేసేవారి సామర్థ్యాన్ని మన శాఖలు సాధారణంగా 2ఏఎన్-బి అనే సూత్రంతో లెక్క కడతాయి. గత ఐదేళ్లలో ఏదో ఒక ఏడాది మీరు చేసిన గరిష్ఠ పని విలువ ‘ఏ’, కొత్త పనికి ఇచ్చిన గడువు ఏళ్లలో ‘ఎన్’, ఆ గడువులోగా మీరు ఇంకా చేయాల్సి ఉన్న పాత పనుల విలువ ‘బి’. మీ గరిష్ఠ విలువ 1.5 కోట్లు, కొత్త పనికి గడువు ఏడాది అనుకుంటే సామర్థ్యం 3 కోట్లు అవుతుంది. ఎప్పుడో పూర్తయినా సర్టిఫికెట్ లేని 60 లక్షల పని ఒకటి ‘బి’లో మిగిలిపోతే అది 2.4 కోట్లకు పడిపోతుంది, 2.5 కోట్ల టెండరు చేజారుతుంది. ఫైనల్ బిల్లు ఆలస్యానికి నిధుల కొరతను అందరూ తిట్టుకుంటారు, అందులో నిజం లేకపోలేదు. అయితే నిధులు వచ్చిన రోజున కూడా కదలని ఫైళ్లు చాలా ఉంటాయి. ముందు చేయాల్సిన పనిని వెనక్కి నెట్టడమే అందుకు కారణం. అందువల్ల కింది మెట్లను ఇదే వరుసలో పాటించండి.

1. పని ముగిసిన తేదీని రాతపూర్వకంగా నిలబెట్టండి

పని పూర్తయిన రోజునే, ఎక్కువలో ఎక్కువ ఆ వారంలోనే, ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ) పేరిట ఒక లేఖ రాసి, ప్రతులను డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకీ (డీఈ), అసిస్టెంట్ ఇంజినీరుకీ (ఏఈ) ఇవ్వండి. అగ్రిమెంటు నంబరు, తేదీ, పని పేరు వేసి, ‘పై పని ఫలానా తేదీన అన్ని విధాలా పూర్తయినందున తమరు తనిఖీ చేసి తుది కొలతలు నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాను’ అని రాస్తే చాలు. మీ దగ్గర ఉంచుకునే ప్రతి మీద ఆఫీసు ఇన్‌వర్డ్ నంబరు, తేదీ ముద్ర తప్పనిసరిగా వేయించుకోండి. ముద్ర వేయడానికి వెనకాడితే అదే లేఖను రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదును, అక్నాలెడ్జిమెంటును ఫైలులో పెట్టుకోండి.

ఒక్క పేజీ లేఖకు ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, ఆ తేదీ మీద మూడు లెక్కలు నిలబడి ఉంటాయి. ఆలస్యపు జరిమానా ఏ రోజుతో ఆగాలో, లోపాల బాధ్యత కాలం (లోపం బయటపడితే మీ ఖర్చుతో సరిచేయాల్సిన కాలం) ఏ రోజు నుంచి మొదలవ్వాలో, రేపు కోర్టుకెళ్లాల్సి వస్తే కాలపరిమితి ఎక్కడి నుంచి లెక్కించాలో అదే చెబుతుంది. 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం, చెల్లింపుకు ప్రత్యేకించి గడువు పెట్టుకోనప్పుడు చేసిన పనికి రావలసిన సొమ్ము కోసం దావా వేసే గడువు, పని పూర్తయినప్పటి నుంచి మూడేళ్లు. ఆ మూడేళ్లలోపు డిపార్ట్‌మెంటు బాకీని రాతపూర్వకంగా ఒప్పుకున్నా, సంతకంతో కూడిన ఆధారం ఉండేలా కొంత సొమ్ము చెల్లించినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్కకు వస్తుంది. ‘వచ్చే క్వార్టర్‌లో చూద్దాం’ అన్న నోటిమాటకు ఆ విలువ లేదు.

2. గడువు పొడిగింపు సంగతి ముందే తేల్చుకోండి

అగ్రిమెంటు గడువులోపే పని ముగించినవారు ఈ మెట్టు దాటేయవచ్చు. మిగిలినవారికి, అంటే దాదాపు అందరికీ, ఫైనల్ బిల్లు ఆగేది సాధారణంగా ఇక్కడే. గడువు దాటిన పనికి గడువు పొడిగింపు (ఈఓటీ) మంజూరు ఉత్తర్వు లేకుండా ఫైనల్ బిల్లు పెడితే పే అండ్ అకౌంట్స్ ఆఫీసు దాన్ని అభ్యంతరంతో తిప్పి పంపుతుంది.

పొడిగింపు దరఖాస్తును అసలు గడువు బతికి ఉండగానే పెట్టడం ఉత్తమం. అది జరగకపోయినా, ఇప్పుడు పెట్టే దరఖాస్తులో మొత్తం ఆలస్యాన్ని ఒకే ముద్దగా ‘అనివార్య కారణాల వల్ల’ అని రాయకండి. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఏ అడ్డంకి ఉందో విడదీసి పట్టికగా ఇవ్వండి: స్థలం అప్పగించడంలో జాప్యం, కరెంటు స్తంభాల తరలింపు, డ్రాయింగు మార్పు, ఎన్నికల కోడ్, వర్షాలు, పార్ట్ బిల్లు (పని నడుస్తుండగా పెట్టే బిల్లు) చెల్లింపు ఆలస్యం. ప్రతి వరుసకూ పక్కన ఆధారం ఉండాలి. స్థలం అప్పగింత పత్రం, మీరు అప్పట్లో రాసిన లేఖ, మండల వర్షపాతం వివరాలు, అడ్డంకుల రిజిస్టరులో ఏఈ సంతకం చేసిన పేజీ వంటివి పనికొస్తాయి. రెండు అడ్డంకులు ఒకే రోజుల్లో ఉంటే ఆ రోజులను రెండుసార్లు లెక్కించకండి, సూపరింటెండింగ్ ఇంజినీరు (ఎస్‌ఈ) ఆఫీసులో మొదట చూసేది దాన్నే.

జరిమానా లేకుండా పొడిగింపు ఇచ్చారా, జరిమానాతో ఇచ్చారా అన్నది ఉత్తర్వు అందిన రోజే చదివి చూసుకోండి. జరిమానా అన్యాయమనిపిస్తే అభ్యంతరాన్ని అప్పుడే రాతలో పెట్టాలి. ఫైనల్ బిల్లులో కోత పడ్డాక గొడవ చేయడం కన్నా ఇది సులువు.

3. సంయుక్త తనిఖీ, మిగిలిన చిల్లర పనులు

డీఈ, ఏఈలతో కలిసి పని మొత్తం ఒకసారి నడిచి చూసి, సరిచేయాల్సిన వాటిని ఒక కాగితం మీద రాయించి మీరూ వారూ సంతకం చేయండి. మెట్ల కింద పూత, గుమ్మం దగ్గర పగిలిన టైలు, మూత బిగుసుకోని ఛాంబరు, నీరు నిలిచే చోట రోడ్డు వాలు వంటివి అందులో వస్తాయి. జాబితా నోటిమాటగా ఉంటే అది రోజురోజుకూ పెరుగుతుంది, సంతకాలు పడితే అక్కడితో ఆగుతుంది. సరిచేసిన ప్రతి అంశానికీ ముందు, తర్వాత ఫొటోలు తేదీతో సహా తీసి, అదే కాగితం మీద ఏఈ చేత ‘సరిచేయబడింది’ అని రాయించుకోండి.

4. తుది కొలతలు, ఎం-బుక్

మొత్తం వ్యవహారంలో మీరు ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. బిల్లు అంకెలన్నీ ఎం-బుక్‌లో నుంచే వస్తాయి. అందులో లేని పని మీరు చేయనట్టే. ఏఈ కొలతలు నమోదు చేస్తారు, డీఈ వాటిని మళ్లీ కొలిచి చెక్ మెజర్‌మెంట్ చేస్తారు, ఈఈ నిర్ణీత మేరకు పైనుంచి సరిచూసి సూపర్ చెక్ చేస్తారు. నమోదు జరిగేటప్పుడు మీరో, మీ నమ్మకమైన సూపర్‌వైజరో టేపు రెండో కొన పట్టుకుని అక్కడ ఉండాలి. విడిగా మీ నోటుపుస్తకంలో అవే కొలతలు రాసుకోవాలి.

భూమిలోకీ కాంక్రీటులోకీ పోయిన పనిని ఇప్పుడు కొలవలేరు. అందువల్ల పునాదులు, బెడ్ కాంక్రీటు, స్టీలు, అడుగు పొరల కొలతలు పాత పార్ట్ బిల్లుల పేజీల్లో సరిగా ఉన్నాయో లేదో, అక్కడి నుంచి తుది సారాంశంలోకి సరిగా ఎక్కాయో లేదో ముందుగా చూడండి. స్టీలును బార్ బెండింగ్ షెడ్యూలుతో (కడ్డీల కొలతల పట్టికతో) పోల్చండి. మీటరు కడ్డీ బరువు (కిలోల్లో) మి.మీ.లలోని వ్యాసం వర్గాన్ని 162తో భాగిస్తే వస్తుంది కనుక 12 మి.మీ. కడ్డీ మీటరుకు 0.89 కిలోలకు కొంచెం తక్కువ. ల్యాపులు (కడ్డీల అతుకులు), ఛైర్లు (పై కడ్డీలను నిలబెట్టే ఆధార కడ్డీలు) లెక్కలో చేర్చారా లేదా అన్నది మీ అగ్రిమెంటు స్పెసిఫికేషన్‌ను బట్టి అడగండి.

ఒక సీసీ రోడ్డును తీసుకుందాం. పొడవు 200 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, మందం 0.15 మీటర్లు అయితే 120 ఘనపు మీటర్లు రావాలి. క్వాలిటీ కంట్రోల్ వారు తీసిన కోర్లలో (రోడ్డును తొలిచి తీసిన ముక్కల్లో) సగటు మందం 0.14 మీటర్లే తేలితే చెల్లింపు 112 ఘనపు మీటర్లకే పడవచ్చు, పైగా తక్కువ మందానికి రేటు తగ్గింపు షరతు ఉంటే అది వేరు. ఇలాంటి తేడా వచ్చినప్పుడు కోర్ తీసిన చోట్లను, పోత పోయడానికి ముందూ తర్వాతా తీసిన లెవెల్స్‌ను (ఎత్తుల కొలతలను) దగ్గర పెట్టుకుని మాట్లాడాలి. ఆ లెవెల్స్ షీటు మీద అప్పట్లోనే ఏఈ సంతకం చేయించుకున్నవారికే ఆ వాదన నిలుస్తుంది.

ప్లాస్టరింగులో చిన్న చిన్న తగ్గింపుల దగ్గర కూడా సొమ్ము జారిపోతుంటుంది. నిర్మాణ పనుల కొలతలకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1200 పద్ధతి ప్రకారం 0.5 చదరపు మీటర్ల లోపు ఖాళీలకు తగ్గింపు లేదు. 0.5 నుంచి 3 చదరపు మీటర్ల తలుపులకు, కిటికీలకు ఒక ముఖానికే తగ్గిస్తారు, అంచుల ప్లాస్టరును విడిగా కలపరు. 3 చదరపు మీటర్లు దాటితే రెండు ముఖాలకూ తగ్గించి అంచులను కొలిచి కలుపుతారు. 1.2 మీటర్ల వెడల్పు, 1.35 మీటర్ల ఎత్తు కిటికీకి రెండు వైపులా తగ్గించి ఉంటే ఒక్కో కిటికీకి 1.62 చదరపు మీటర్లు మీరు పోగొట్టుకున్నట్టే.

ఎం-బుక్‌లో రాసింది చెరిపేయకూడదు. తప్పుంటే కొట్టేసి పక్కన సరైన అంకె వేసి, ఆ అధికారి తేదీతో పొట్టి సంతకం పెట్టాలి. పేజీ చించకూడదు, ఖాళీగా వదిలిన పేజీని రద్దు చేసి సంతకం పెట్టాలి. ఇవి అధికారుల బాధ్యతలే అయినా, దిద్దుబాటు మీద సంతకం లేదని బిల్లు వెనక్కి వస్తే ఆలస్యమయ్యేది మీ సొమ్ము.

కొలతలను అంగీకరిస్తున్నట్టు చివర మీ సంతకం అడుగుతారు. అంగీకారమైతే చేయండి. ఏ అంశంలోనైనా తేడా ఉంటే, ‘ఫలానా అంశం పరిమాణంపై అభ్యంతరానికి లోబడి’ అని సంతకం మీద మీ చేత్తో రాసి, అదే రోజు ఈఈకి వివరంగా లేఖ ఇవ్వండి. బిల్లు త్వరగా కదులుతుందని మౌనంగా సంతకం చేసి తర్వాత ఆ పరిమాణం కోసం తిరిగేవారికి చెప్పుకోదగ్గ ఆధారమేమీ మిగలదు.

5. పెరిగినవి, తగ్గినవి, కొత్తగా వచ్చినవి

ఎస్టిమేటులో ఉన్న ప్రతి అంశానికీ అగ్రిమెంటు పరిమాణం, జరిగిన పరిమాణం, తేడా చూపే ఎక్సెస్-సేవింగ్స్ పట్టికను ఏఈ ఆఫీసు తయారుచేస్తుంది. మీరూ ఒకటి తయారుచేసుకుని పోల్చండి. అగ్రిమెంటులో లేని అంశం చేసి ఉంటే, దానికి రేటు ఆమోదం, సప్లిమెంటల్ అగ్రిమెంటు ఉన్నాయో లేదో చూడండి. సైటులో ‘చేసేయండి, తర్వాత చూద్దాం’ అని చెప్పి చేయించిన అదనపు పని చాలామంది ఫైళ్లలో ఏళ్ల తరబడి పడి ఉంటుంది. అధికారి చెప్పిన మాటకు సైట్ ఆర్డర్ పుస్తకంలో రాత ఉందంటే పని కొంత తేలిక. లేకపోతే ఆ అధికారి బదిలీ కాకముందే నివేదిక పైకి పంపించుకోవడం తెలివైన పని. అంచనా మొత్తం దాటితే రివైజ్డ్ ఎస్టిమేటుకు పరిపాలనా అనుమతి కూడా కావాలి, దానికి నెలలు పట్టవచ్చు. అటువంటప్పుడు ఆమోదం ఉన్న భాగానికి మరో పార్ట్ బిల్లు పెట్టించుకుని, వివాదంలో ఉన్న అంశం వరకే ఆగడం మేలు.

6. బిల్లుకు జతచేసే కాగితాలు

28 రోజుల కాంక్రీటు క్యూబ్ బల పరీక్ష ఫలితాలు, సిమెంటు, స్టీలు ఇన్‌వాయిస్‌లు, స్టీలు టెస్ట్ సర్టిఫికెట్లు, క్వాలిటీ కంట్రోల్ తనిఖీ నివేదికలకు మీరిచ్చిన జవాబులు, వారు సంతృప్తి చెందినట్టు రాసిన లేఖ సిద్ధంగా ఉండాలి. తారు రోడ్డు అయితే రిఫైనరీ నుంచి వచ్చిన అసలు బిటుమెన్ ఇన్‌వాయిస్‌లు అడుగుతారు. వాటి మీది పరిమాణం, తేదీ, లారీ నంబరు మీ పని తేదీలతో, వాడిన తారుతో సరిపోవాలి.

ఇసుక, కంకర, గ్రావెల్‌కు సీనరేజీ (ఖనిజాలపై ప్రభుత్వ రుసుము) చెల్లించిన పర్మిట్లు జతచేయండి, లేకపోతే బిల్లు నుంచి కోత పడుతుంది. కూలీలకు ఈపీఎఫ్, ఈఎస్ఐ వర్తించే పనైతే చలాన్లు, మేస్త్రీలతో, సబ్ కాంట్రాక్టర్లతో లెక్క తేల్చుకున్న రసీదులు దగ్గర ఉంచుకోండి. కూలి ఇవ్వలేదన్న ఫిర్యాదు ఒక్కటి లేబర్ ఆఫీసుకు వెళ్లినా ఫైనల్ బిల్లు ఆగుతుంది.

7. అప్పగింత

భవనాన్ని వాడుకునే శాఖకు, ఉదాహరణకు బడికో, పంచాయతీకో, వైద్యశాఖకో, సంయుక్త సంతకాలతో అప్పగించండి. అప్పగింత పత్రంలో గది గదికీ ఫ్యాన్లు, లైట్లు, స్విచ్‌బోర్డులు, కుళాయిలు, తలుపుల గడియలు ఎన్నో రాసి, ఏ తాళానికి ఎన్ని తాళపుచెవులు ఇచ్చారో కూడా రాయండి. అప్పగించాక రెండు నెలలకు మాయమైన ఫ్యాను మీ లెక్కలో పడకుండా కాపాడేది ఈ జాబితాయే. మోటారు, ట్యాంకు, అగ్నిమాపక పరికరాల వారెంటీ కార్డులు, కట్టినది కట్టినట్టు చూపే డ్రాయింగులు, ముఖ్యంగా భూమిలో పోయిన పైపులు, కేబుళ్ల దారి చూపేవి, అసలు ప్రతులు వారికిచ్చి నకళ్లు మీరుంచుకోండి. నిర్మాణం కోసం మీ పేరిట తీసుకున్న తాత్కాలిక కరెంటు కనెక్షన్‌ను ఆ రోజే రద్దు చేయించి, చివరి బిల్లు కట్టి, డిపాజిట్ వెనక్కి అడగండి.

8. ఫైనల్ బిల్లులో కోతలు, నో క్లెయిమ్ పత్రం

బిల్లు పాసవ్వకముందే కోతల మెమో చూపించమని అడిగి, ప్రతి కోతకూ కారణం రాసుకోండి. ఆదాయపు పన్ను టీడీఎస్ (చెల్లింపు దగ్గరే కోసే పన్ను) వ్యక్తులకు, హిందూ ఉమ్మడి కుటుంబాలకు 1 శాతం, సంస్థలకు, కంపెనీలకు 2 శాతం. రెండున్నర లక్షలు దాటిన కాంట్రాక్టుకు జీఎస్టీ టీడీఎస్ 2 శాతం. నిర్మాణ కార్మికుల సంక్షేమ సెస్సు 1 శాతం. ఎఫ్‌ఎస్‌డీ (బిల్లుల నుంచి పట్టి ఉంచే అదనపు సెక్యూరిటీ డిపాజిట్), సీనరేజీ, డిపార్ట్‌మెంటు ఇచ్చిన సామగ్రి విలువ, ఆలస్యపు జరిమానా వీటికి అదనం. పార్ట్ బిల్లుల్లో ఒకసారి పట్టుకున్నది మళ్లీ పట్టుకోలేదు కదా అని బిల్లులవారీగా ఒక పట్టిక వేసుకోండి. 2022 జూలై 18 నుంచి ప్రభుత్వ పనుల్లో చాలావాటికి జీఎస్టీ 12 నుంచి 18 శాతానికి మారింది. ఆ తేదీకి ముందు అగ్రిమెంటు చేసుకుని తర్వాత బిల్లు అయిన పాత పనులుంటే ఆ తేడాకు విడిగా లేఖ పెట్టి ఉండాలి.

జీఎస్టీ టీడీఎస్ సొమ్ము పోర్టల్లో మీరు ‘యాక్సెప్ట్’ నొక్కితేనే మీ క్యాష్ లెడ్జరులోకి వస్తుంది. ఎన్నో లక్షలు అక్కడ ఎవరూ తాకకుండా పడి ఉంటాయి. ఆదాయపు పన్ను కోతను ఫారం 26ఏఎస్‌లో (మీ పాన్ మీద జమైన పన్నును చూపే పత్రంలో) చూసుకోండి. పాన్ తప్పు వేసి ఉంటే డిపార్ట్‌మెంటు వారే సవరణ రిటర్ను వేయాలి.

ఫైనల్ బిల్లుతో పాటు, ‘ఈ పనికి సంబంధించి నాకు ఇక ఎటువంటి క్లెయిములూ లేవు’ అన్న పత్రం అడగడం ఆనవాయితీ. నిజంగా ఏమీ లేకపోతే ఇచ్చేయండి. ఉంటే, ఏమేమి మిగిలి ఉన్నాయో ఆ పత్రంలోనే రాసి ఇవ్వండి. బలవంతంగా, మోసంతో రాయించుకున్న ఇలాంటి పత్రం కాంట్రాక్టరు నోరు నొక్కేయదని నేషనల్ ఇన్సూరెన్స్, బోఘారా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. అయితే ఇష్టపూర్వకంగా పూర్తి సొమ్ముకు ఒప్పుకుని రాసిచ్చాక ఏమీ మిగలదనీ అదే తీర్పు చెప్పింది. కాబట్టి ఒత్తిడి చేశారని తర్వాత నిరూపించడానికి తిప్పలు పడే కన్నా, సంతకం చేసేటప్పుడే మినహాయింపు రాయడం మేలు. అలా రాస్తే బిల్లు ఆపుతామంటే, ఆ మాట జరిగిన రోజే ఈఈకీ ఎస్‌ఈకీ రిజిస్టర్డ్ పోస్టులో తెలియజేయండి. చివరికి ప్రభుత్వంపై దావా వేయాల్సి వస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ 80వ సెక్షన్ కింద రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలనీ గుర్తుంచుకోండి.

9. కంప్లీషన్ సర్టిఫికెట్

ఇది దానంతట అది రాదు, దరఖాస్తు పెట్టి అడగాలి. ఈఈ సంతకంతో పాటు ఎస్‌ఈ కౌంటర్ సంతకం ఉంటేనే చాలా టెండర్లలో దాన్ని అనుభవంగా లెక్కిస్తారు. అందులో పని పేరు, అగ్రిమెంటు నంబరు, అంచనా విలువ, జరిగిన విలువ ఏడాదివారీగా, మొదలుపెట్టిన, ముగించిన తేదీలు, గడువు పొడిగింపు వివరం, ముఖ్య అంశాల పరిమాణాలు ఉండేలా చూసుకోండి. టెండర్లలో ‘ఒకే ఏడాదిలో ఇన్ని ఘనపు మీటర్ల కాంక్రీటు’ అని అడుగుతారు కనుక, పరిమాణాలను ఆర్థిక సంవత్సరాలవారీగా విడదీయించుకోకపోతే కోటి రూపాయల పని చేసినా సర్టిఫికెట్ అక్కరకు రాదు. ఏఈ మారకముందే ఆ వివరాలు తయారుచేసి పట్టుకెళ్లి ఇవ్వండి, వారికీ పని తగ్గుతుంది. ఎం-బుక్ నకలు ఇవ్వనంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

10. పట్టి ఉంచిన సొమ్ము వెనక్కి

మన శాఖల అగ్రిమెంట్లలో తరచుగా కనిపించే అమరికలో ఈఎండీ (టెండరు ధరావతు) 2.5 శాతం, ప్రతి బిల్లు నుంచి ఎఫ్‌ఎస్‌డీ 7.5 శాతం పట్టుకుంటారు. మొత్తం బిల్లులు 80 లక్షలైతే ఎఫ్‌ఎస్‌డీ 6 లక్షలు. పని పూర్తయినప్పుడు అందులో సగం, అంటే 3 లక్షలు, వెనక్కి రావాలి. మిగతా సగం లోపాల బాధ్యత కాలం ముగిశాక వస్తుంది. ఈ కాలం భవనాలకు, రోడ్లకు సాధారణంగా రెండేళ్లు. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకైతే ఐదేళ్ల నిర్వహణ బాధ్యత కూడా కాంట్రాక్టరుదే.

మొదటి సగానికి ఫైనల్ బిల్లుతో పాటే దరఖాస్తు పెట్టండి. బాధ్యత కాలంలో లోపం గురించి లేఖ వస్తే సరిచేసి, సరిచేసినట్టు ఏఈ చేత రాయించుకోండి. వాడుకునేవారి అజాగ్రత్త వల్ల పాడైనదైతే ఆ విషయాన్ని ఫొటోలతో తిరిగి రాయండి, మౌనంగా ఉంటే వేరొకరితో చేయించి ఆ ఖర్చును మీ డిపాజిట్‌లో కోస్తారు. కాలం ముగియడానికి నెల ముందు సంయుక్త తనిఖీ కోరుతూ లేఖ పెట్టి, ‘లోపాలు లేవు’ అన్న సర్టిఫికెట్ తీసుకుని, రెండో సగానికీ, ఈఎండీకీ దరఖాస్తు చేయండి. ఈఎండీని బ్యాంకు గ్యారంటీగా ఇచ్చి ఉంటే దాని గడువు బాధ్యత కాలం చివరి వరకు ఉందో లేదో ఇప్పుడే చూడండి. గడువు మధ్యలో తీరిపోయేలా ఉంటే, పొడిగించకపోతే డిపార్ట్‌మెంటు దాన్ని నగదుగా మార్చుకోవచ్చు. బాధ్యత కాలం ముగిశాక అసలు గ్యారంటీ పత్రాన్ని తిరిగి తీసుకుని బ్యాంకులో అప్పగించేదాకా కమిషనూ, మార్జిన్ సొమ్మూ మీ ఖాతాలోనే బిగుసుకుని ఉంటాయి.

జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలు ఆ ఏడాది వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి కనుక, ఈ పని ఫైలును డిపాజిట్లు వచ్చాక కూడా కనీసం అంతకాలం దాచండి. కంప్లీషన్ సర్టిఫికెట్‌ను మాత్రం రంగుల్లో స్కాన్ చేసి వేరుగా ఉంచుకోండి, టెండరు ఆఖరి రోజు రాత్రి అప్‌లోడ్ చేయాల్సి వచ్చేది దాన్నే.